విల్లు నీతి, తుపాకీ నీతి

విస్కాన్సిన్ అడవిలో ఓక్ కాయలు ఏరుకుంటూ ఒక తెల్లతోక జింక ఇరవై గజాల దూరంలోకి వచ్చింది. ఒళ్ళు పూర్తిగా అడ్డంగా లేదు. రొమ్ము కొంచెం విలుకాడి వైపుకు, పిరుదులు అవతలికి ఉన్నాయి. బవేరియాలో ఒక పొలం అంచున, ఎనభై మీటర్ల దూరంలో, ఒక రో జింక సరిగ్గా అదే వాటంలో నిలబడింది. విస్కాన్సిన్ విలుకాడు లాగిన అల్లెతాడును మెల్లగా సడలించి ఊరుకోవాలి. బవేరియా వేటగాడు, తుపాకీ మీదా తన చేతి మీదా నమ్మకముంటే, కాల్చవచ్చు. ఇద్దరూ తమ తమ వేటనీతి ప్రకారం సరిగ్గానే నడుచుకున్నట్టు లెక్క. జింక నిలబడ్డ కోణం ఒకటే అయినప్పుడు తీర్పులు రెండెందుకయ్యాయో చూస్తే, ఈ రెండు నీతులూ దేన్ని పట్టించుకుంటున్నాయో, దేన్ని వదిలేస్తున్నాయో బయటపడుతుంది.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణ కలిసి సరదా వేటకు తలుపులు మూసేశాయి. అది మంచిదే అయింది. అయినా ఈ చర్చ మనకు పూర్తిగా పరాయిది కాదు. టెక్సాస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు వేటకు వెళ్ళాలంటే మామూలుగా వేట శిక్షణ పూర్తిచేసి ఉండాలి. అక్కడ పెరుగుతున్న తెలుగు పిల్లలకు నవంబర్ వచ్చేసరికి తోటి పిల్లల నోట ఈ కబుర్లు వినపడవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ళు వేటంటే క్రూరత్వం అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఆ పిల్లలతో మాట్లాడటానికి ఇక ఏమీ మిగలదు. ఆ వేటలో ఉన్న తర్కమేమిటో తెలిస్తేనే దాన్ని ఒప్పుకోవడమో కాదనడమో చేయగలం.

అమెరికా వేట శిక్షణ పుస్తకాల్లో తప్పకుండా కనిపించే బొమ్మ ఒకటుంది. చర్మం పారదర్శకమైనట్టు, లోపలి అవయవాలు కనపడేలా గీసిన జింక. ఆ బొమ్మ చెప్పే మొదటి సంగతే చాలామంది ఊహకు విరుద్ధంగా ఉంటుంది. జింక గుండె ఛాతీ నడిమధ్యన ఉండదు. బాగా అడుగున, ముందుకాలి మోచేతికి కాస్త పైన ఉంటుంది. దాని పైనా వెనకా ఊపిరితిత్తులు పరుచుకుని ఉంటాయి. పెరిగిన తెల్లతోక జింకలో ఈ గుండె, ఊపిరితిత్తుల జాగా అంతా కలిపి ఎనిమిది నుంచి పది అంగుళాలు. దాని వెనక విభాజక పటలమనే పలచని పొర. ఆ పొర దాటితే కాలేయం, ఆ తర్వాత నెమరువేసే పెద్ద పొట్ట, పేగులు. ఆ పొరకు ఇటువైపు రెండు ఊపిరితిత్తుల్లోంచీ దూసుకుపోయిన బాణం జింకను నిమిషం లోపే పడేస్తుంది. ఆ పొరకు అటువైపు, నాలుగు వేళ్ళ వెనక, పేగుల్లో తగిలిన అదే బాణం దాన్ని గంటల తరబడి నరకయాతన పెడుతుంది. వేటలో కోణం గురించిన చర్చంతా ఈ నాలుగు వేళ్ళ చర్చ.

ఇక ఎముకలు. మూపు దగ్గర నుంచి భుజం ఫలక ముందుకు వాలుతూ దిగుతుంది. అక్కడి నుంచి పైకాలి ఎముక వెనక్కి మళ్ళి మోచేతికి చేరుతుంది. ఈ రెండూ కలిసి ఛాతీ ముందుభాగానికి కవచంలా నిలుస్తాయి. జింక అడ్డంగా నిలబడి, మనవైపున్న ముందుకాలు ఒక అడుగు ముందుకు వేసినప్పుడు ఆ కవచం పక్కకు తొలగుతుంది. పక్కటెముకలు తప్ప ఇంకేమీ అడ్డులేని సందు తెరుచుకుంటుంది. అనుభవమున్న విలుకాడు ఎదురుచూసేది ఆ ఒక్క అడుగు కోసమే. కొన్నిసార్లు జింక ఆ అడుగు వెయ్యదు. తినడం ముగించి, వచ్చిన దారినే వెళ్ళిపోతుంది. వెళ్ళిపోనివ్వాలి.

బాణం చంపేది కోతతో. క్షవరం కత్తిలా పదునైన అలుగు నాళాలను, ఊపిరితిత్తులను చీల్చుకుంటూ పోతుంది. రక్తం పోయి, ఊపిరితిత్తులు కుప్పకూలి జింక పడిపోతుంది. బాణానికి ఎముకలు విరగ్గొట్టే సత్తా అంతంతమాత్రం. అందుకే విల్లువేట శిక్షణలో రెండే రెండు కోణాలను ఒప్పుకుంటారు. ఒకటి, పూర్తిగా అడ్డంగా నిలబడ్డ జింక. రెండు, విలుకాడికి అవతలి వైపుకు ఏటవాలుగా తిరిగిన జింక. ఎదురు రొమ్ము వద్దు, అక్కడ రొమ్మెముక, ఇరుకు సందు. వెనక నుంచి అసలే వద్దు. నిట్టనిలువుగా పై నుంచి వద్దు. మొదట చెప్పిన విస్కాన్సిన్ జింకలా ఇటువైపు ఏటవాలుగా తిరిగినదీ వద్దు. భుజం ఎముక బాణాన్ని ఆపేస్తుంది. దాన్ని తప్పించాలని వెనక్కి గురిపెడితే ఒక ఊపిరితిత్తిని గీరి పొట్టలోకి పోతుంది.

ఈ పాఠంలో నన్ను బాగా ఆకట్టుకున్నది గురి గురించిన ఆలోచన. కొత్తవాడు జింక చర్మం మీద ఒక చుక్కను చూస్తాడు. నేర్చినవాడు జింక ఒంట్లోంచి పోయే ఒక గీతను చూస్తాడు. బాణం ఎక్కడ దిగుతుంది అని కాక ఎక్కడ బయటికొస్తుంది అని ముందు అడుగుతాడు. అటువైపు ఏటవాలుగా తిరిగిన జింకకు గురి అవతలి ముందుకాలు. బాణం ఇవతల దిగే చోటు దాన్ని బట్టి వెనక్కి జరుగుతుంది. జింక ఇంకా ఎక్కువ తిరిగేకొద్దీ దిగే చోటు డొక్కలోకి, చివరికి తొడ దగ్గరికి జరిగిపోతుంది. ఎక్కడో ఒకచోట, నలభై అయిదు డిగ్రీల ప్రాంతంలో, గీత పొట్టలోంచి పోక తప్పని స్థితి వస్తుంది. అక్కడ ఆగిపోవాలి. కళ్ళకు కనిపించే జింక పక్కనే కనిపించని జింకను ఊహించగలగడం ఇందులోని విద్య. వలయాలు గీసిన కాగితం లక్ష్యం మీద పదేళ్ళు సాధన చేసినా ఇది రాదు. ఆ కాగితానికి లోపల అంటూ ఏమీ లేదు.

తుపాకీ దగ్గరికొస్తే లెక్క మారుతుంది. వేటతూటా ఒంట్లోకి దిగాక విచ్చుకుని చుట్టూ ఉన్న కండనంతా చిదిమేస్తుంది. భుజం ఎముకను విరగ్గొట్టి అవతలికి పోగలదు. జర్మన్ సంప్రదాయం కూడా ఆదర్శంగా చెప్పేది అడ్డంగా నిలబడ్డ జింకకు, భుజం ఫలకను ఆనుకుని వెనక, ఛాతీలో తగిలే దెబ్బనే. ఈ విషయంలో రెండు దేశాల బొమ్మలూ ఒకదానిమీద ఒకటి పెట్టినా సరిపోతాయి. తేడా అంచుల్లో ఉంది. తూటాకు క్షమించే గుణముంది. కోణం పది పదిహేను డిగ్రీలు తప్పినా, రెండు వేళ్ళు ముందుకు పోయినా, జింక అక్కడే పడిపోవచ్చు. ఆ క్షమాగుణమే తుపాకీ నీతిని తయారుచేసింది. కోణాన్ని వేటగాడి వివేకానికి వదిలి, చట్టం ఆయుధం సంగతి చూసుకుంది. జర్మనీ సమాఖ్య వేట చట్టం ప్రకారం రో జింకను కొట్టే తూటాకు వంద మీటర్ల దగ్గర కనీసం 1,000 జౌల్స్ శక్తి మిగిలి ఉండాలి. ఎర్ర జింక లాంటి పెద్ద జంతువులకైతే 6.5 మిల్లీమీటర్ల వ్యాసం, 2,000 జౌల్స్. గిట్టల జంతువుల మీద బాణం వాడకూడదు.

ఆ కొలమానంతో చూస్తే బాణం నిషేధానికి తగినదే. ఆధునిక విల్లు వదిలిన బాణానికి ఉండేది సుమారు వంద జౌల్స్. కానీ ఆ వంద జౌల్స్ బాణమే సరైన కోణంలో తగిలితే ఛాతీ లోంచి దూసుకుపోయి అవతల నేలలో గుచ్చుకుంటుంది, జింక వంద గజాలు పరుగెత్తి పడిపోతుంది. శక్తి తూటాకు సరైన కొలత, బాణానికి తప్పు కొలత. బాణం విషయంలో కొలవాల్సింది పదును, కోణం, విలుకాడి నిగ్రహం. మొదటిదాన్ని చట్టం కొలవగలదు. మూడోదాన్ని కొలిచే చట్టం ఎక్కడా లేదు, అందుకే యూరప్‌లో చాలా దేశాలు విల్లును నమ్మలేదు. వాళ్ళ భయం అర్థంలేనిదని నేను అనను.

ఈ రెండు నీతులకూ 1934 ఒక మైలురాయి కావడం యాదృచ్ఛికమే గానీ పక్కపక్కన పెట్టి చూడదగ్గది. ఆ ఏడాది విస్కాన్సిన్ రాష్ట్రం ఆధునిక కాలంలో మొదటిసారిగా జింకల కోసం ప్రత్యేకంగా విల్లువేట రుతువు తెరిచింది. దాని వెనక ఒక చిత్రమైన గురుపరంపర ఉంది. 1911లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్ దగ్గర, తన యాహి తెగలో మిగిలిన చివరి మనిషి ఇషీ ఆకలితో బయటికొచ్చాడు. శాక్స్‌టన్ పోప్ అనే శస్త్రవైద్యుడు అతనికి వైద్యం చేస్తూ అతని దగ్గరే విల్లు తయారీ, జింకకు దగ్గరగా చేరే పద్ధతి నేర్చుకున్నాడు. 1916లో ఇషీ చనిపోయాడు. 1923లో పోప్ రాసిన విల్లువేట పుస్తకం అమెరికాలో ఈ విద్యకు ప్రాణం పోసింది. జింకకు ఎంత దగ్గరగా చేరగలిగితే అంత మంచి విలుకాడు అన్న విలువ ఇషీ నుంచి పోప్ ద్వారా అమెరికా విలుకాళ్ళకు అందింది. తన జాతి మొత్తాన్నీ తెల్లవాళ్ళ తుపాకులకు పోగొట్టుకున్న మనిషి నేర్పిన ఓర్పు అది. ఈ సంగతి శిక్షణ పుస్తకాల్లో ఇంకా పెద్ద అక్షరాలతో ఉండాలి.

అదే 1934లో జర్మనీలో నాజీ నాయకుడు గోరింగ్ చేతుల మీదుగా రాజ్యవేట చట్టం వచ్చింది. యుద్ధం తర్వాత 1952లో పశ్చిమ జర్మనీ చేసుకున్న సమాఖ్య వేట చట్టంలో దాని చట్రం చాలామటుకు కొనసాగింది. 'వైడ్‌గెరెక్టిగ్‌కైట్' అని జర్మన్లు పిలుచుకునే వేటధర్మం ఆ చట్టాల కంటే చాలా పాతది, వేటగాళ్ళ సమాజం తరతరాలుగా పెంచుకున్నది. కానీ దాన్ని అందరి మీదా చట్టంగా రుద్దినవాళ్ళు మనుషుల పట్ల ఏ ధర్మాన్నీ పాటించనివాళ్ళు. జంతువుకు యాతన వద్దని రాసిన చేతులు ఎలాంటివో గుర్తుంచుకునే ఆ చట్టాన్ని మెచ్చుకోవాలి. మెచ్చుకోదగ్గది అందులో ఉంది కూడా. దాని సంగతికి మళ్ళీ వస్తాను.

రెండు దేశాల్లోనూ వేటగాడు ఎత్తు మీద కూర్చుంటాడు. అమెరికా విలుకాడు చెట్టుకు కట్టిన మంచె ఎక్కుతాడు. జర్మన్ వేటగాడు అడవి అంచున నిచ్చెన వేసిన కొయ్య మంచె ఎక్కుతాడు. చూడటానికి ఒకే పని, కానీ రెండు మంచెలూ రెండు వేరు ప్రశ్నలకు జవాబులు. జర్మన్ మంచె వల్ల తూటా కిందికి వాలుతూ పోయి జింకను దాటినా మట్టిలో దిగుతుంది. జనసాంద్రత ఎక్కువున్న దేశంలో, అడవి బాటల మీద నడిచేవాళ్ళుండే చోట, జింక వెనక మట్టి కనపడితేనే కాల్చాలన్నది తొలి నియమం. కోణం అక్కడ మనుషుల ప్రాణాలు కాపాడే సాధనం. దిబ్బ మీద ఆకాశాన్ని వెనకేసుకుని ఎంత చక్కగా అడ్డంగా నిలబడ్డ జింకనైనా కాల్చకూడదు.

అమెరికా మంచె విలుకాడి వాసనను, కదలికను జింకకు అందకుండా చేస్తుంది. కానీ దానికి బదులు కోణాన్ని చెడగొడుతుంది. ఇరవై అడుగుల ఎత్తు నుంచి ఇరవై గజాల దూరంలోని జింకకు బాణం పదిహేను డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా వాలుతుంది. ఫరవాలేదు. అదే జింక నడుచుకుంటూ నాలుగైదు గజాల దగ్గరికి, దాదాపు మంచె కిందికి వస్తే వాలు యాభై డిగ్రీల దరిదాపులకు చేరుతుంది. పై నుంచి చూస్తే రెండు ఊపిరితిత్తులూ వెన్నెముకకు చెరోపక్కన ఉంటాయి. నిటారుగా దిగే బాణానికి ఒక్కటే అందుతుంది. ఒక ఊపిరితిత్తి మాత్రమే తెగిన జింక మైళ్ళు పోగలదు, రోజుల తర్వాత చావవచ్చు, బతకనూ వచ్చు. దగ్గరికొచ్చేకొద్దీ సులువవుతుందన్న సహజమైన ఊహ ఇక్కడ తలకిందులవుతుంది. తన ముక్కు కిందికొచ్చిన జింకను వదిలి, అది తిరిగి పదిహేను గజాలు దూరం జరిగేదాకా ఊపిరి బిగబట్టి కూర్చోవడం ఎంత కష్టమో ఆలోచించండి. జర్మన్ మంచె వేటగాడిని పొరపాటు నుంచి కాపాడుతుంది, అమెరికా మంచె అతన్ని పరీక్షకు పెడుతుంది.

కాలం దగ్గర కూడా ఇలాంటి తేడాయే. తూటా శబ్దం కంటే వేగంగా పోతుంది. వంద మీటర్ల దూరంలోని జింకకు మోత వినపడేలోపే దెబ్బ తగిలి ఉంటుంది. బాణం అలా కాదు. ముప్పై గజాలు దాటడానికి దానికి సుమారు సెకనులో మూడో వంతు పడుతుంది. అల్లెతాడు చప్పుడు సెకనులో పన్నెండో వంతుకే జింక చెవిన పడుతుంది. మధ్యలో దొరికిన పావు సెకను జింకకు చాలు. పరుగందుకోవడానికి ముందు కాళ్ళు ముడిచి ఒళ్ళు కిందికి దించుతుంది. గుండెకు పెట్టిన గురి వెన్ను దగ్గరికి పోతుంది. అందుకే విలుకాడు కోణంతో పాటు జింక మనసును కూడా చదవాలి. చెవులు నిక్కబొడుచుకుని, తల ఎత్తి, ముందుకాలితో నేలను తడుతున్న జింక ఎంత సరైన కోణంలో ఉన్నా అది బాణానికి పనికిరాదు. తోక ఆడిస్తూ, తల దించి మేస్తున్నదే తగినది. తుపాకీ పాఠాల్లో ఈ సంగతి ఉండదని కాదు, ఇంత బరువుతో ఉండదు. జింక స్థిమితంగా ఉందా అని అడగాల్సిన అవసరాన్ని తూటా వేగం తీసేసింది.

ఇంతవరకూ చెప్పినదాన్ని బట్టి నా మొగ్గు ఎటో తెలిసే ఉంటుంది. ఆయుధం బలహీనమైనది కాబట్టే విల్లునీతి జంతువును నిశితంగా చూడటం నేర్చుకుంది. కానీ దెబ్బ తగిలిన తర్వాతి సంగతికి వస్తే తూకం మారుతుంది.

అమెరికా శిక్షణ కూడా వేటగాడికి నెత్తుటి జాడ చదవడం నేర్పుతుంది. నురుగుతో కూడిన లేత ఎరుపు ఊపిరితిత్తులది; ముదురు ఎరుపు కాలేయానిది; పచ్చని మరకలు, దుర్వాసన పేగులవి. ఊపిరితిత్తులకు తగిలిందనుకుంటే అరగంట ఆగాలి, కాలేయమైతే నాలుగు గంటలు, పేగులైతే ఎనిమిది నుంచి పన్నెండు గంటలు. వెంటపడితే గాయపడ్డ జింక లేచి ఇంకా దూరం పోతుంది, దొరకదు. ఇదంతా మంచి పాఠమే. కానీ ఎక్కువగా ఇది వేటగాడి మనస్సాక్షికి వదిలిన పాఠం. చీకటి పడింది, వాన వచ్చింది, మర్నాడు ఆఫీసు ఉంది అని ఎవరైనా వెనుదిరిగితే అడిగేవాళ్ళు తక్కువ. పైగా కుక్కలతో జింకలను తరిమే పాత అలవాటును ఆపడానికి చేసిన చట్టాల కింద, గాయపడ్డ జింక జాడ తీసే కుక్కకు కూడా చాలా రాష్ట్రాల్లో ఎంతోకాలం అనుమతి లేకపోయింది. ఇటీవలి దశాబ్దాల్లో పట్టీ కట్టిన కుక్కను ఒప్పుకునే రాష్ట్రాలు పెరుగుతున్నాయి.

జర్మనీలో ఇది చట్టం. గాయపడ్డ జంతువును నివారించగల బాధ నుంచి తప్పించడానికి వెంటనే చంపాలని సమాఖ్య వేట చట్టం నిర్దేశిస్తుంది. వేటకు తగిన కుక్క అందుబాటులో ఉండాలని రాష్ట్రాల చట్టాలు కోరతాయి. తూటా తగిలినప్పుడు జంతువు నిలబడ్డ చోటును విరిచిన కొమ్మతో గుర్తుపెడతారు. అక్కడ రాలిన వెంట్రుకలు, ఎముక పెచ్చులు, నెత్తురు చూసి దెబ్బ ఎక్కడ తగిలిందో అంచనా కడతారు. కష్టమైన జాడైతే హనోవర్ వేటకుక్కనో బవేరియా కొండకుక్కనో పెంచి, ఆ పనికే జీవితం ఇచ్చిన మనిషిని పిలుస్తారు. ఆ కుక్కలు మర్నాడు కూడా జాడ తీయగలవు. చివరికి జంతువు దొరికాక దాని నోట్లో ఒక పచ్చని రెమ్మ ఉంచుతారు, చివరి ముద్ద అని. ఆ రెమ్మ ఆచారం కంటే ఆ కుక్క నాకు ఎక్కువ గౌరవనీయంగా కనిపిస్తుంది. కుక్కను పెంచి సిద్ధంగా ఉంచడమంటే, గురి ఎంత బాగున్నా తప్పు జరగవచ్చని ముందే ఒప్పుకుని, దాని బాధ్యతకు డబ్బూ కాలమూ వెచ్చించడం. అమెరికా విల్లునీతిలో ఈ ఒప్పుకోలు తక్కువ. తప్పు జరగని కోణం కోసం అది ఎంతగా తపిస్తుందో, జరిగిన తప్పును వెతికి ముగించే ఏర్పాటు మీద అంత శ్రద్ధ పెట్టలేదు.

రెండింటిలోనూ లోపలి వైరుధ్యాలున్నాయి. జర్మనీలో శరదృతువు చివర జరిగే సామూహిక వేటల్లో మనుషులు, కుక్కలు కలిసి జంతువులను కదిలిస్తారు. మంచెల మీది వేటగాళ్ళు కదులుతున్న అడవిపందుల మీద, జింకల మీద కాలుస్తారు. ఒంటరి వేటలో నిలబడ్డ జింకకే, అడ్డంగా ఉంటే మరీ మేలు అని నేర్పిన సంప్రదాయం ఇక్కడ నడుస్తున్న జంతువుకు అనుమతిస్తుంది. పెరిగిపోతున్న జంతువుల సంఖ్యను తగ్గించాలి, అడవి మొలకలను కాపాడాలి అన్నది వాళ్ళ వాదన. అది నిజమైన అవసరమే కావచ్చు, కానీ అవసరం కోణాన్ని మార్చదు. కదిలే జింక ఛాతీ మీద గీసిన గీత, తూటా చేరేసరికి పొట్టలోకి జరిగిపోతుంది.

అమెరికా వైపు లోపం వేరే చోటి నుంచి వచ్చింది. 1969లో హాలెస్ విల్బర్ అలెన్‌కు కప్పీల విల్లు మీద పేటెంట్ దక్కింది. ఆ విల్లును పూర్తిగా లాగాక చేతి మీద బరువు తగ్గిపోతుంది, గురి నిలుస్తుంది, బాణం వేగం పెరుగుతుంది. తర్వాత లేజర్‌తో దూరం కొలిచే పరికరాలు వచ్చాయి. ఇరవై ముప్పై గజాల విద్య అరవై గజాలకూ ఆపైకీ సాగింది. అరవై గజాలకు బాణం సెకనులో మూడింట రెండు వంతులు గాల్లో ఉంటుంది. ఆ కాలంలో జింక ఒక అడుగు వెయ్యవచ్చు, అడ్డంగా ఉన్నది ఏటవాలుగా తిరగవచ్చు. దూరాన్ని కొలిచే పరికరముంది, జింక తర్వాతి అడుగును కొలిచే పరికరం లేదు. బలహీనత వల్ల పుట్టిన నీతి, ఆయుధం బలపడేకొద్దీ పలచబడుతోంది. ఇషీ దగ్గర పోప్ నేర్చుకున్న మొదటి పాఠం దగ్గరగా చేరడం. ఆ పాఠాన్ని వదిలేస్తే విల్లు పట్టడానికి కారణమే ఉండదు.

స్కాట్లండ్ కొండల్లో మూడో పద్ధతి ఒకటుంది. ఎర్ర జింకల వేటకు వచ్చిన అతిథి తుపాకీ పేలుస్తాడు, కానీ ఎప్పుడు పేల్చాలో చెప్పేది ఆ కొండలను పుట్టుక నుంచీ ఎరిగిన స్థానిక వేటనిపుణుడు. అతను చెప్పేదాకా అతిథి ఆగుతాడు. ఉత్సాహమున్న చేతి నుంచి నిర్ణయాన్ని వేరుచేయడం మంచి ఉపాయం. డబ్బిచ్చి వచ్చిన అతిథిని కాదనగలిగే స్వతంత్రం ఆ నిపుణుడికి ఎంతుందన్న దాని మీదే అది నిలబడుతుంది.

మన పాఠకుడికి ఇదంతా చదువుతుంటే పాండురాజు గుర్తుకు రాకమానడు. నన్నయ తెనిగించిన ఆదిపర్వంలోనూ ఉన్న కథ. అడవిలో జోడుకట్టిన జింకలను పాండురాజు బాణాలతో కొట్టాడు. వ్యాసభారతంలో అయిదు బాణాలు. పడిపోయిన మగజింక మనిషి గొంతుతో మాట్లాడింది. అతను జింక రూపంలో భార్యతో ఉన్న కిందముడనే ముని. క్షత్రియులకు వేట ధర్మమేనని రాజు వాదించాడు. ముని ఆ వాదాన్ని కాదనలేదు. జింకను చంపినందుకు కాదు, ఆ సమయం ముగిసేదాకా ఆగనందుకే తప్పు పడుతున్నానన్నాడు. ఈ ఘట్టాన్ని విల్లునీతి పక్కన పెట్టి చూస్తే ఒళ్ళు ఝల్లుమంటుంది. నిలబడి ఉన్న జింక, ధ్యాస వేరే చోట, చెవులు నిక్కబొడవలేదు, అల్లెతాడు చప్పుడుకు కాళ్ళు ముడవదు. శిక్షణ పుస్తకం కోరే షరతుల్లో చాలావరకు అక్కడ ఉన్నాయి. మహాభారతం అదే క్షణాన్ని అధర్మమంటోంది. శాకుంతలంలో పరుగెత్తే రథం మీంచి పారిపోయే జింక మీద గురిపెట్టిన దుష్యంతుణ్ణి మునులు ఆపింది అది ఆశ్రమ మృగం కనుక. ఆ గురిని ఇవాళ్టి విల్లునీతి కోణం వల్లే కాదంటుంది. సరయూ తీరాన చీకట్లో కడవ నిండే చప్పుడుకు బాణం వదిలిన దశరథుడిది గుర్తించని లక్ష్యం. దాని గురించి రెండు దేశాల్లోనూ రెండో మాట లేదు. దశరథుడి తప్పును రెండు నీతులూ, దుష్యంతుడి తొందరను విల్లునీతీ అడ్డుకున్నాయి. పాండురాజు తప్పును మాత్రం రెండూ ముట్టుకోలేదు.

ముట్టుకోకపోవడమే కాదు, దాని మీద ఆధారపడుతున్నాయి. పిల్లలను సాకుతున్న తల్లిజంతువును అవి సొంతంగా బతకగలిగేదాకా వేటాడకూడదని జర్మన్ చట్టం కాపాడుతుంది. ఆ జాగ్రత్త గొప్పది. కానీ జూలై చివర, ఆగస్టులో రో జింకల జతకాలంలో వేటగాడు బీచ్ ఆకునో చిన్న పీకనో నోట పెట్టుకుని ఆడజింక పిలుపును అనుకరిస్తాడు. ఆ పిలుపుకు పరుగున వచ్చి, ఎక్కడుందా అని నిలబడి చూసే మగజింక అడ్డంగా దొరుకుతుంది. అమెరికాలో చాలాచోట్ల తెల్లతోక జింకల జతకాలం నవంబర్. ఆ వారాల కోసమే విలుకాళ్ళు సెలవులు దాచుకుంటారు. ఆడజింక వాసనలు చల్లి, మగజింకల గుర్రును అనుకరించి రప్పిస్తారు. కోణం చక్కగా కుదురుతుంది, బాణం శుభ్రంగా పోతుంది, యాతన తక్కువే. కిందముడి ఫిర్యాదు యాతన గురించి కాదు గదా.

ఈ రెండు నీతుల్లో ఏది మేలని అడిగితే, దెబ్బకు ముందు అమెరికా విలుకాడిని, దెబ్బ తర్వాత జర్మన్ కుక్కను ఎంచుకుంటాను. ఒక్కటే ఎంచుకోవాలంటే ముందటిదే. రెండోది మొదలయ్యేసరికి జింక అప్పటికే గాయపడి పరుగెడుతూ ఉంటుంది. తుపాకీ పట్టినవాళ్ళు కూడా విల్లుకు ఒప్పుకున్న ఆ రెండు కోణాలకే తమను కట్టేసుకుంటే నష్టపోయేది కొన్ని అవకాశాలే. బవేరియా జింక ఆ పూటకు వెళ్ళిపోతుంది. జతకాలం విషయంలో మాత్రం ఎవరినీ ఎంచుకోలేను. అయోవా రాష్ట్రం ప్రధాన తుపాకీ రుతువును డిసెంబర్‌కు, జతకాలపు ఉధృతి దాటాక పెట్టింది. మగజింకలు మరీ ఎక్కువ రాలిపోకుండా అది కాపాడుతుందని అక్కడి వేటగాళ్ళు చెప్పుకుంటారు. విల్లువేటను మాత్రం అదే రాష్ట్రం అక్టోబర్ నుంచీ తెరిచి, నవంబర్ పొడుగునా ఉంచింది. తుపాకీకి విధించిన ఆ ఆగుదలను, కొన్ని వారాల పాటైనా, విల్లుకూ విధించమని అడగాల్సింది విలుకాళ్ళే. కోణం కోసం అంతసేపు ఆగడం నేర్చుకున్నవాళ్ళకు అది చేతకాని పని కాదు.